సింహాసనం దిగి తిరగలి దగ్గరికి

తిరగలి ముందు కూర్చుని పిండి విసరడం ఎవరికైనా శిక్ష అవుతుందా, మీరే చెప్పండి! మన అమ్మమ్మలూ నాయనమ్మలూ కోడి కూయకముందే లేచి చేసిన పనే కదా. కందులు విసిరి పప్పు చేశారు, బియ్యం విసిరి పిండి చేశారు, పాటలు పాడుకుంటూ మరీ చేశారు. మా నాయనమ్మ తిరగలి ఇప్పటికీ మా ఇంట్లో మెట్ల కింద ఉంది. కొయ్యపిడి ఎప్పుడో పుచ్చిపోయింది కానీ రాళ్ళు మాత్రం చెక్కు చెదరలేదు. సున్నుండలకి మినుములు వేయించి మిక్సీలో వేస్తే పిండి మరీ మెత్తగా అయి, తింటుంటే అంగిట్లో అతుక్కుంటుంది. అదే తిరగలిలో విసిరితే కొంచెం పలుకుగా వచ్చి ఆ రుచే వేరు. (మా అమ్మాయి ఈ మాట ఒప్పుకోదు. అది వేరే సంగతి!)

ఆ తిరగలిని చూపించే బైబిల్లో ఒకచోట పెద్ద హెచ్చరిక ఉంది. పాత నిబంధనలో యెషయా ప్రవక్త గ్రంథం, 47వ అధ్యాయం. బైబిలు చదివే అలవాటు లేని అక్కచెల్లెళ్ళ కోసం కాస్త వివరంగా చెబుతాను.

బబులోను అని ఆ రోజుల్లో గొప్ప పట్టణం ఉండేది. ఇప్పటి ఇరాక్ దేశంలో, బాగ్దాదుకి దక్షిణాన, యూఫ్రటీసు నది ఒడ్డున దాని శిథిలాలు ఉన్నాయి. 2019లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. చుట్టుపక్కల రాజ్యాలన్నిటినీ గడగడలాడించిన ఆ పట్టణాన్ని ప్రవక్త ఒక స్త్రీతో పోల్చి, ఆవిడతో ముఖాముఖి మాట్లాడతాడు. సింహాసనం దిగి మట్టిలో కూర్చో అంటాడు. నిన్ను ఇంక ఎవరూ సుకుమారి అనరు, రాళ్ళు తీసుకుని పిండి విసురు అంటాడు. ముసుగు తీసెయ్యి, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని ఏరు దాటు అంటాడు. ఎప్పటికీ దొరసానిగానే ఉంటాననుకున్నావు కదా, భర్త పోవడం, పిల్లలు పోవడం నాకు జరిగేవి కావనుకున్నావు కదా, ఆ రెండూ ఒక్కరోజే వస్తాయి అంటాడు. అధ్యాయం మొత్తం 15 వచనాలే. కానీ చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని మనం అనుకుంటూనే ఉంటాం. పూలమ్మిన చోట కట్టెలమ్ముకోవడం అనే మాట కూడా మనకి కొత్తేం కాదు. కాబట్టి ఈ అధ్యాయం చదవగానే ఎవరికైనా తోచేది ఒకటే. గర్వపడ్డావా, కిందపడతావు. అంతే కదా! మా ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో కూడా అంతే చెప్పారు. అంతటితో పోతే ఈ వ్యాసం రాసే పనే ఉండేది కాదు.

మా వీధిలో ఒకావిడ ఉన్నారు. నేను వదినగారూ అని పిలుస్తాను. ఒకప్పుడు మెయిన్ రోడ్డు మీద రెండంతస్తుల మేడ వాళ్ళది. ఇప్పటికీ ఊళ్ళో సగం మంది ఆవిణ్ణి మేడింటావిడ అనే అంటారు, మేడ చేతులు మారి నాలుగేళ్ళయినా. భర్త రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని చేసేవారు. వరసగా రెండు పంటలు తెగులొచ్చి పోయాయి. మేత అప్పులు, లీజు బాకీలు, వాటికి వడ్డీలు. చెరువుల సంగతి తెలిసిన ఊళ్ళ వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. మేడ అమ్మి అప్పులు తీర్చి, మా వీధిలో రెండు గదుల వాటాలోకి వచ్చారు. ఆవిడ ఒక పెద్ద గ్రైండరు కొనుక్కుని ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి అమ్ముతున్నారు. పొద్దున్నే ఆరింటికల్లా పిల్లలు గిన్నెలు పట్టుకుని వాళ్ళ గుమ్మంలో ఉంటారు. పిండి బాగుంటుంది, ముఖస్తుతికి అనడం లేదు. మినపప్పు దగ్గర పిసినారితనం చెయ్యరు, అదీ కారణం.

ప్రార్థన కూటంలో మేం యెషయా గ్రంథం వరసగా చదువుతున్నాం. ఆ వారం 47వ అధ్యాయం వచ్చింది. వాక్యం చెప్పిన పెద్దావిడ మంచి మనిషే, ఎవరికైనా జబ్బు చేస్తే మొదట వెళ్ళేది ఆవిడే. కానీ ఆరోజు ఎందుకో, "నేను రాణినని విర్రవీగితే పిండి రుబ్బుకునే గతి పడుతుంది, మన కళ్ళముందు చూడ్డం లేదా!" అన్నారు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదుగా! చాపల మీద కూర్చున్న పదిహేను మందీ ఒక్కసారి అటు చూశారు. వదినగారు బైబిలు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని కూర్చున్నారు. "ఆరో వచనం కూడా ఒకసారి చదువుదామండీ" అన్నాను నేను. టైమైపోయిందని ముగింపు ప్రార్థన మొదలుపెట్టేశారు. తర్వాత మూడు వారాలు ఆవిడ కూటానికి రాలేదు.

నేను చదివింది ఇంటర్ వరకే. వేదాంత కాలేజీలో చదివిన మనిషినేం కాను. కానీ ఆ మాట నాకు గొంతులో ముల్లులా ఉండిపోయింది. మావారి బాబాయి, నాకు చినమామయ్యగారు, రిటైరైన పాస్టరు. పండక్కి వచ్చినప్పుడు ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. ఆయన మూడు పూటలు చెప్పారు, నేను వంట చేసుకుంటూ విన్నాను. కొన్ని పుస్తకాలు కూడా ఇచ్చి వెళ్ళారు. అవి చదివాక నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

ముందుగా ఆ రాయి సంగతి. తెలుగులో తిరగలి అంటే మన కళ్ళముందు గుండ్రంగా తిరిగే రెండు రాళ్ళు కనిపిస్తాయి. ఆ రోజుల్లో అక్కడి ఇళ్ళలో మామూలుగా వాడింది అది కాదట. మన సన్నికల్లు లాంటిదే, దానికన్నా పెద్దది, కాస్త ఏటవాలుగా ఉండే రాయి. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పైరాయిని రెండు చేతులతో ముందుకి తోసి వెనక్కి లాగుతూ గోధుమలు, బార్లీ నూరడం. గంటల తరబడి, రోజూ! అలా నూరితే ఒళ్ళు ఏమవుతుందో ఎముకలే చెప్పాయట. సిరియా దేశంలో అబూ హురేరా అనే చోట, ప్రవక్త కాలం కన్నా కూడా కొన్ని వేల ఏళ్ళ ముందు బతికిన ఆడవాళ్ళ ఎముకలు తవ్వకాల్లో దొరికాయి. థియా మోలెసన్ అనే శాస్త్రజ్ఞురాలు వాటిని పరీక్షించి, మోకాళ్ళు, నడుము, కాలి బొటనవేళ్ళు అరిగి పాడైపోయి ఉన్నాయని, అది ఇలా మోకరించి పిండి నూరడం వల్ల వచ్చిందేనని 1994లో రాశారు. అది చదివి నేను మా నాయనమ్మ మోకాళ్ళకి రోజూ రాసుకున్న ఆముదం గుర్తు చేసుకున్నాను.

అందుకే ఇంటిపనులన్నిటిలో అది అందరికన్నా కిందివాళ్ళకి వదిలేసిన పని అయింది. ఐగుప్తు కథలో ఫరో రాజు మొదలుకుని దేశంలో ఎవరినీ వదలకుండా అందరి పెద్దబిడ్డలూ పోతారని చెప్పేటప్పుడు, ఆ వరస సింహాసనం మీద కూర్చున్న రాజుతో మొదలై పిండి రాతి వెనక కూర్చున్న దాసితో ముగుస్తుంది. పై మెట్టు సింహాసనం, కింది మెట్టు పిండి రాయి! కళ్ళు పీకేసిన సమ్సోను చేత శత్రువులు చెరసాలలో చేయించింది కూడా ఈ పనే. అంటే బబులోను దొరసానిని పైమెట్టు మీంచి తిన్నగా కిందిమెట్టుకి దిగమంటున్నాడన్నమాట ప్రవక్త.

ఇక్కడే చినమామయ్యగారు ఒక మాట చెప్పారు. ఈ అధ్యాయంలో దొరసాని అనే అర్థంతో వచ్చే హెబ్రీ మాట, హాగరు అనే దాసికి శారా యజమానురాలు అని చెప్పేచోట వచ్చే మాట ఒకటేనట. నయమాను అనే సైన్యాధిపతి భార్య దగ్గర పనిచేసిన పిల్ల కథ ఆదివారపు బడికి వెళ్ళిన వాళ్ళందరికీ తెలుసు. ఇశ్రాయేలు దేశం నుంచి పట్టుకుపోయిన చిన్నపిల్ల. ఆ పిల్ల తన యజమానురాలి గురించి చెప్పే చోటా ఇదే మాట. కాబట్టి అది ఊరికే రాణి, మహారాణి లాంటి బిరుదు కాదు. పనిమనిషి ఉన్న అమ్మగారు అని అర్థం. ఆ మాట వినగానే నాకు చప్పున ఆరో వచనం మీదికి మనసు పోయింది.

ఆరో వచనంలో ఏముందంటే, నా ప్రజల మీద కోపంతో వాళ్ళని నీ చేతికి అప్పగించాను, నువ్వేమో వాళ్ళ మీద జాలి చూపించలేదు, ముసలివాళ్ళ మెడ మీద కూడా మోయలేనంత బరువైన కాడి పెట్టావు అని. చూశారా! చదివి వదిలేసే మాటా ఇది? పట్టుచీర కట్టుకున్నందుకో, మేడలో ఉన్నందుకో, సుకుమారంగా పెరిగినందుకో కాదు దేవుడు బబులోనుని కోప్పడింది. నేను తప్ప ఇంకెవరున్నారు అనే గర్వం ఉంది, నిజమే. మంత్రాలూ జ్యోతిషాలూ కాపాడతాయన్న ధీమా కూడా ఉంది, అదీ ఆ అధ్యాయంలో చెప్పాడు. కానీ ఆ గర్వం వల్ల ఎవరికి దెబ్బ తగిలిందీ అంటే, చేతికింద ఉన్న ముసలివాళ్ళకి.

ఇది ఊరికే కవిత్వం కాదు, జరిగిన చరిత్ర. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేముని పట్టుకుని, యెహోయాకీను అనే కుర్ర రాజుని, అతని తల్లి నెహుష్తాని, భార్యల్ని, అధికారుల్ని, పనివాళ్ళని తన పట్టణానికి తీసుకుపోయాడు. పదకొండేళ్ళ తర్వాత యెరూషలేముని, దేవాలయాన్ని తగలబెట్టారు. బబులోను శిథిలాల్లో జర్మనీ వాళ్ళు తవ్వినప్పుడు దొరికిన మట్టి పలకల్లో యెహోయాకీను రాజుకి, అతని కొడుకులకి ఎంతెంత నూనె ఇవ్వాలో రాసిన లెక్కలున్నాయట. మనకి రేషన్ కార్డు మీద నూనె ప్యాకెట్టు ఇచ్చినట్టు! నిన్నటిదాకా కిరీటం పెట్టుకున్న మనిషి క్యూలో నిలబడ్డాడో లేదో తెలియదు కానీ, కొలిచి పోసిన నూనెతో సరిపెట్టుకున్నాడు. పట్టుబడిన సామాన్యుల సంగతి విలాపవాక్యాల గ్రంథం చివరి అధ్యాయంలో ఉంది. కుర్రాళ్ళ చేత తిరగలి రాళ్ళు మోయించారు, చిన్నపిల్లలు కట్టెల మోపుల కింద తూలిపోయారు, ముసలివాళ్ళని లెక్కచెయ్యలేదు. అంటే ప్రవక్త బబులోను చేతిలో పెట్టిన రాయి ఎక్కణ్ణుంచో కొత్తగా తెచ్చింది కాదు. ఆవిడ ఇంతకాలం ఇతరుల నెత్తిన పెట్టిన రాయే.

ఇలాంటి హెచ్చరిక పరాయివాళ్ళకే చెప్పాడనుకోవద్దు. యిర్మీయా ప్రవక్త సొంత ఊరి రాజుకీ రాజమాతకీ కూడా చెప్పాడు, తలమీంచి కిరీటం జారిపోతుంది, కాస్త కిందికి దిగి కూర్చోండి అని. ఆ రాజమాత ఈ నెహుష్తాయే అని చాలామంది అంటారు. చెప్పింది ఆవిడ కుర్చీలో ఉండగా.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. బబులోనుకి చెప్పినట్టు ఉన్నదంతా ఆవిడ ఇంకా సింహాసనం మీద ఉండగా చెప్పినట్టే ఉంది. పట్టణం క్రీ.పూ. 539లో పారశీక రాజు కోరెషు చేతికి పోయింది. అప్పటి లెక్కల ప్రకారం పెద్ద యుద్ధం కూడా లేకుండా సైన్యం లోపలికి వచ్చేసింది. ఊరు ఆరోజే నేలమట్టం కాలేదు, ఆ తర్వాత రెండువందల ఏళ్ళకి అలెగ్జాండరు చనిపోయింది కూడా అక్కడే. పోయింది సింహాసనం. ప్రవక్త మాటలన్నీ ఆ పోబోయే దాని గురించి, అది పోకముందు, దాని మీద కూర్చున్నావిడతో. పైన కూర్చున్నవాళ్ళకి చెబితే అది హెచ్చరిక. అప్పటికే కింద కూర్చుని పిండి రుబ్బుకుంటున్న మనిషికి అదే మాట చెబితే దాన్ని హెచ్చరిక అనరు, దెప్పిపొడుపు అంటారు. మన అత్తగారి ఊళ్ళల్లో దానికి ఇంకా మంచి పేర్లే ఉన్నాయి!

పోనీ బైబిలు పిండి రాయిని తక్కువగా చూసిందా అంటే అదీ లేదు. ద్వితీయోపదేశకాండంలో, 24వ అధ్యాయం ఆరో వచనంలో ఒక చట్టం ఉంది. ఎవరి తిరగలినైనా, దాని పైరాయినైనా సరే తాకట్టు పట్టకూడదు, అలా చేస్తే వాళ్ళ ప్రాణాన్నే తాకట్టు పట్టినట్టు అని. రాయి పోతే ఆ పూట పిండి లేదు, పిండి లేకపోతే రొట్టె లేదు. ఒక ఊరు పాడైపోయిందని చెప్పాలంటే యిర్మీయా ప్రవక్త ఏమంటాడో తెలుసా? తిరగలి చప్పుడు ఆగిపోతుంది, దీపం వెలుగు ఉండదు అంటాడు. ఇల్లు ఇల్లుగా ఉందనడానికి గుర్తు ఆ చప్పుడే.

ఈ చట్టం నాకు తెలియడం మంచిదే అయింది. వదినగారికి చేబదులిచ్చిన ఒకాయన రెండు నెలల వడ్డీ రాలేదని ఒకరోజు పొద్దున్నే ఆటో వేసుకుని వచ్చాడు, గ్రైండరు పట్టుకుపోతానని. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. మావారు, పక్కింటి మాస్టారు వెళ్ళి మాట్లాడారు. చినమామయ్యగారు అప్పుడు ఇంట్లోనే ఉన్నారు, ఆయన కూడా చేతికర్ర పట్టుకుని మెల్లగా వెళ్ళి, "నాయనా, ఆ రాయి తీసుకుపోతే నీ అసలు ఎలా వస్తుంది?" అని ఒక్కటే అడిగారు. వచనం చెప్పలేదు. ఆ మనిషి కాసేపు గొణిగి, నెలాఖరు దాకా గడువిచ్చి వెళ్ళాడు. ఆటో కిరాయి కూడా ఇస్తారా అని అడిగాడు, అది మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. గ్రైండరు తిరుగుతోంది. ఆవిడ అప్పుడప్పుడూ చెయ్యి తడిచేసుకుని అంచులకి అంటిన పిండిని లోపలికి తోస్తున్నారు. నేను తెలుసుకున్నదంతా చెప్పాను. ఆరో వచనం చదివి వినిపించాను.

చాలాసేపు ఏమీ అనలేదు ఆవిడ. తర్వాత, "వదినగారూ, రుబ్బడం నాకు కష్టం కాదండీ. రాయి దాని పాటికది తిరుగుతుంది. అయ్యో మీరా అండీ, మీరు పిండి అమ్మడమేంటండీ, అంటారే, ఆ మాట దగ్గర ప్రాణం పోతుంది" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "మేడలో ఉన్నప్పుడు ఒక ముసలామె పనికి వచ్చేది. జీతం ఏ నెలా ఆపలేదు, పండక్కి చీర పెట్టాను. కానీ పన్నెండేళ్ళలో ఒక్కసారైనా కుర్చీలో కూర్చోమన్నానో లేదో గుర్తు రావడం లేదు. ఆ వచనం నాకు తగులుతుంది, తగలదని చెప్పను. కానీ అది నాకు నేను చదువుకోవాల్సిన మాట. పదిమందిలో వాళ్ళు నాకు చదివి వినిపించాల్సింది కాదు."

నేను దానికి ఏం జవాబు చెబుతాను! కాఫీ ఇచ్చారు, తాగాను.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఒకటి తోచింది. మా కూటంలో పదిహేను మంది ఉంటే, కనీసం పదిమంది ఇళ్ళలో పనిమనుషులున్నారు. మా ఇంట్లోనూ అంట్లు తోమే అమ్మాయి వస్తుంది. ఆరోజు అటు తిరిగి చూసిన తలల్లో ఎక్కువ ఆ ఇళ్ళవాళ్ళవే. మేం చదువుతున్న అధ్యాయం మాతోనే మాట్లాడుతుంటే, మేం మాత్రం గదిలో ఉన్నవాళ్ళలో కింద కూర్చున్న ఒక్కావిడ కోసం వెతికాం. ఆవిడకి పనిమనిషి లేదిప్పుడు. పిండి తనే రుబ్బుకుని, గ్రైండరు తనే కడుక్కుంటున్నారు. ఈ మాట పెద్దావిడతో నేరుగా కాకపోయినా కూటంలో చెప్పాలని ఉంది. ఆవిడకి కోపం వస్తుందేమో, రానీండి. వయసులో పెద్దావిడ కాబట్టి మర్యాదగానే చెబుతాను.

వచ్చే గురువారం కూటం మా ఇంట్లోనే. పాఠం 49వ అధ్యాయం దాకా వచ్చింది. అయినా మొదట 47లో ఆరో వచనం ఒకసారి చదువుకుని ముందుకి వెళ్దామని పాస్టరమ్మగారిని అడిగాను. సరేనన్నారు. ప్రార్థన అయ్యాక అందరికీ ఇడ్లీ, అల్లప్పచ్చడి పెడదామనుకుంటున్నాను. వదినగారికి నాలుగు కిలోల పిండి చెప్పాను. వస్తారా అని అడిగితే, "పిండి పంపిస్తాను వదినగారూ, నా సంగతి ఆరోజు చూద్దాం" అన్నారు.